ముక్కుకు బదులు అగ్గిపుల్ల

పదో తరగతి గట్టెక్కిన ఎవర్ని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే జవాబొకటుంది: హైడ్రోజన్ దగ్గరికి మండుతున్న అగ్గిపుల్ల తీసుకెళ్తే ‘టప్’ మనే శబ్దంతో మండుతుంది. ఒక మార్కు ఖాయం. ఆ టప్‌ను చెవులారా విన్నవాళ్ళు మాత్రం వాళ్ళలో కొద్దిమందే ఉంటారు. మన బళ్ళలో చాలాచోట్ల ల్యాబ్ అంటే తాళం వేసిన గది, అందులో దుమ్ము పట్టిన బీరువా, బిరడా బిగుసుకుపోయిన యాసిడ్ సీసా. రికార్డు మాత్రం పటాలతో సహా పై క్లాసు అన్నయ్య రికార్డులోంచి చక్కగా దిగిపోతుంది.

పోనీ, విన్నవాళ్ళకైనా ఆ శబ్దం ఎందుకొచ్చిందో తెలుసా అంటే అనుమానమే. ఒకసారి దగ్గరుండి చూద్దాం.

శంకు కుప్పెలో నాలుగైదు జింకు ముక్కలు వేసి, అవి మునిగేదాకా సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తారు. మొదట్లో ఏమీ జరుగుతున్నట్టుండదు. కాసేపటికి బూడిదరంగు లోహం మీద సన్నటి బుడగలు అంటుకుని కనిపిస్తాయి. అవి కాస్త పెరిగి, పట్టు వదిలి, ఒకదాని వెనక ఒకటి పైకి పోతాయి. జింకు మరీ స్వచ్ఛమైనదైతే ఈ పని నత్తనడక నడుస్తుంది. అప్పుడు అనుభవమున్న మాస్టారు రెండు చుక్కల మైలతుత్తం ద్రావణం కలుపుతారు. చూస్తుండగానే నీలిరంగు విరిగిపోయి, జింకు మీద నల్లటి మచ్చలు పడి, బుడగలు జోరందుకుంటాయి. ఆ మచ్చలు రాగివి. జింకు, రాగి, ఆమ్లం మూడూ కలిసి అక్కడికక్కడే బుల్లి బ్యాటరీలుగా పనిచేస్తాయి. కరిగేది జింకే అయినా, హైడ్రోజన్ రాగి మీద నుంచి సులువుగా బయటపడుతుంది.

ఆ వాయువును గొట్టం గుండా నీళ్ళ తొట్టిలోకి తెచ్చి, నీళ్ళు నింపి బోర్లించిన పరీక్షనాళికల్లో వరసగా పట్టుకోవాలి. మొదటి నాళికలో దాదాపు అంతా కుప్పెలోని పాత గాలే ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల పెట్టినా ఏమీ కాకపోవచ్చు. రెండోది టప్‌మంటుంది. మూడోది కుయ్‌మని సన్నగా కూస్తుంది. ఐదోదో ఆరోదో వచ్చేసరికి చప్పుడే ఉండదు. వెలుతుర్లో కనీ కనిపించని లేత నీలిమంట నాళిక మూతి దగ్గర మొదలై నెమ్మదిగా లోపలికి పాకుతుంది. దాని వెనకే గాజు లోపల చెమ్మ పడుతుంది. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరైన గుర్తు అది.

అంటే స్వచ్ఛమైన హైడ్రోజన్ గుట్టు చప్పుడు కాకుండా మండుతుంది. గాలితో కలగలిసిపోయిన హైడ్రోజనే టప్‌మంటుంది. గాలిలో ఘనపరిమాణం లెక్కన 4 శాతం మొదలు 75 శాతం దాకా హైడ్రోజన్ ఎంత ఉన్నా ఆ మిశ్రమం అంటుకుంటుంది. 30 శాతం దగ్గర, అంటే ఉన్న ఆక్సిజన్‌కి సరిగ్గా సరిపడా ఉన్నచోట, పేలుడు బలంగా ఉంటుంది. పాఠంలో ‘హైడ్రోజన్‌ను గుర్తించే పరీక్ష’ అని రాసేది నిజానికి రెండు పనులు చేస్తోంది. వాయువు ఏదో చెబుతోంది, దాంతోపాటే కుప్పెకు మంట చూపించే సమయం ఇంకా రాలేదనీ చెబుతోంది. నాళిక నిశ్శబ్దంగా మండేదాకా గొట్టం కొసన అగ్గిపుల్ల పెట్టకూడదు. పెడితే మంట గొట్టంలోంచి వెనక్కి పరుగెత్తి కుప్పెలోకి దూరుతుంది. అప్పుడు పేలేది నాళికెడు వాయువు కాదు, గాజు కుప్పె. సబ్బు నీళ్ళలోకి వాయువును పంపి బుడగలు వెలిగించే పద్ధతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. అందులోనూ నురగను చెంచాతో తీసి, కుప్పెకు దూరంగా తీసుకెళ్ళి వెలిగించడమే తెలివైన పని.

ఇదే ప్రయోగానికి నైట్రికామ్లం ఎందుకు వాడరని పిల్లలు అడగాలి. అడిగితే మంచి పాఠం దొరుకుతుంది. నైట్రికామ్లం ఆమ్లమే కాదు, బలమైన ఆక్సీకరణి కూడా. పుట్టబోయే హైడ్రోజన్‌ను నీరుగా మార్చేసి, తాను నైట్రోజన్ ఆక్సైడులుగా విడిపోతుంది. గాఢంగా ఉంటే వచ్చేది గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ. దీనికి ఒక దొంగ గుణముంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు, గొంతు మంట తప్ప పెద్దగా ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నైట్రికామ్లంతో బంగారం శుద్ధి చేసే కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు ‘ఆ పొగ నాకలవాటే’ అన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తు చెయ్యాలి.

బడిలో వినని టప్ శబ్దం మనకు తిరునాళ్ళలో వినబడుతుంది, అదీ మరీ పెద్దగా. హీలియం ఖరీదు. అందుకని గ్యాస్ బుడగలమ్మేవాళ్ళలో కొందరు హైడ్రోజన్‌ను అక్కడికక్కడే తయారుచేసుకుంటారు. పాత ఇనుప సిలిండర్లో కాస్టిక్ సోడా, నీళ్ళు, అల్యూమినియం తుక్కు వేసి బిగిస్తారు. ఈ చర్యలో వేడి పుడుతుంది, వేడి పెరిగేకొద్దీ చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. పీడనం హద్దు మీరితే వదిలేసే కవాటం లేని సిలిండర్‌కి పగలడం ఒక్కటే దారి. ఇక ఆ బుడగల గుత్తిని పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తుల పక్కన కట్టడం కంటే తెలివితక్కువ పని వెతికినా దొరకదు. రబ్బరు బుడగలోంచి హైడ్రోజన్ మెల్లగా కారుతూనే ఉంటుంది, దాన్ని అంటించడానికి చిన్న నిప్పురవ్వ చాలు.

ఈ వాయువును ఆమ్లం, లోహం కలిపి రాబట్టి, పద్ధతిగా కొలిచి, 1766లో ప్రకటించినవాడు లండన్‌లో హెన్రీ కావెండిష్. పదిహేడేళ్ళకే, 1783 ఆగస్టు 27న, పారిస్‌లో జాక్ షార్ల్ ఇనుప రజను మీద సల్ఫ్యూరికామ్లం పోయించి, వచ్చిన హైడ్రోజన్‌తో పెద్ద బుడగ ఎగరేశాడు. అది గోనెస్ అనే పల్లెలో దిగితే జనం దాన్ని ఏదో వింతమృగమనుకుని గడ్డిపారలతో పొడిచి చంపారు. మొదటిసారి బెలూన్‌లో ఆకాశానికెక్కిన ఇద్దరిలో ఒకడైన పిలాత్ర్ ద రొజియే హైడ్రోజన్‌ను నోటినిండా పీల్చి మంట మీదికి ఊది చూపించేవాడని చెప్పుకుంటారు. ఆ కథలో నిజమెంతో గానీ, ఆయన చావు మాత్రం చరిత్రకెక్కింది. 1785 జూన్ 15న హైడ్రోజన్‌నూ వేడిగాలినీ ఒకే బెలూన్‌లో వాడి సముద్రం దాటబోయి కూలిపోయాడు.

ఆ రోజుల్లో రసాయనశాస్త్రజ్ఞుడి మొదటి పనిముట్లు ముక్కూ నాలుకా. స్వీడన్ మందుల దుకాణంలో పనిచేస్తూ క్లోరిన్‌నూ ఆక్సిజన్‌నూ కనుగొన్న కార్ల్ విల్‌హెల్మ్ షీలే తాను తయారుచేసిన ప్రతిదాన్నీ రుచి చూసేవాడు. హైడ్రోజన్ సయనైడ్‌ను తయారుచేసి దాని రుచి ఎలా ఉందో కూడా రాసిపెట్టాడు. 1786లో పోయాడు, అప్పటికి 43 ఏళ్ళు. పాదరసం, ఆర్సెనిక్‌ల మధ్య గడిపిన బతుకే అంత తొందరగా తీసుకుపోయిందని చాలామంది నమ్మకం. పదార్థాన్ని నాలుక మీద పెట్టకుండా, పొగలో ముక్కు పెట్టకుండా అదేదో తేల్చే దారులు కావాలి. అగ్గిపుల్ల, సున్నపుతేట, లిట్మస్ కాగితం ఆ దారులే. పిల్లలకు వీటిని ‘వాయువులు – పరీక్షలు’ అనే పట్టికగా, జాగ్రత్తల్ని గోడకు తగిలించిన ఇంకో పట్టికగా విడివిడిగా నేర్పుతున్నాం. నా ఉద్దేశంలో ఆ రెండు పట్టికలూ ఒకటే. ప్రతి జాగ్రత్త కడుపులోనూ ఒక రసాయన చర్య ఉంది. అది చెప్పకపోతే జాగ్రత్త కాస్తా శకునంలా తయారవుతుంది. అది పట్టింపున్నవాళ్ళు పాటిస్తారు, లేనివాళ్ళు నవ్వేస్తారు.

ఆక్సిజన్ పరీక్షకు మన బళ్ళలో అగరవత్తికి మించింది లేదు. మంట ఆర్పేసి, కొసన నిప్పు కణకణలాడుతున్న అగరవత్తిని ఆక్సిజన్ నిండిన నాళికలోకి దించితే భగ్గుమని మళ్ళీ అంటుకుంటుంది. పొటాషియం పర్మాంగనేట్‌ను వేడిచేసి ఆక్సిజన్ పడుతుంటే నాళిక మూతి దగ్గర కాస్త దూది పెడతారు. పొడి ఎగిరి గొట్టంలోకి పోకుండా అది ఆపుతుంది. పని అయ్యాక ముందు గొట్టాన్ని నీళ్ళలోంచి బయటికి తీసి, తర్వాతే దీపం తీసేయాలి. ఇది తిరగేస్తే చల్లబడుతున్న నాళిక తొట్టిలోని నీళ్ళను గుటుక్కున లాక్కుంటుంది, కాలుతున్న గాజు పటుక్కుమంటుంది. స్పిరిట్ దీపాన్ని నోటితో ఊది ఆర్పకూడదు, మూతతో కప్పాలి. వెలుగుతుండగా స్పిరిట్ పోయకూడదు. ఎండ పడే గదిలో ఆ మంట కంటికి ఆనదు, ఆరిపోయిందనుకుని సీసా వంచితే ఆవిరి అంటుకుని మంట సీసాదాకా వస్తుంది.

ఇక సున్నపుతేట. నాకు మిగతా పరీక్షలన్నిటికన్నా ఇదంటే మక్కువ, ఎందుకంటే ఇందులో ఒకటి కాదు, మూడు అంకాలున్నాయి. కిళ్ళీ కొట్టు సున్నమైనా సరే, చల్లటి నీళ్ళలో బాగా కలిపి రాత్రంతా వదిలేసి, పొద్దున పైతేట వంచుకోవాలి. లీటరు నీళ్ళలో గ్రామున్నరకి కాస్త అటూ ఇటూగా మాత్రమే కరుగుతుంది. వేడి నీళ్ళలో ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి నీళ్ళు కాచి లాభం లేదు. మూత వేయకపోతే సాయంత్రానికి దాని మీద తెల్లటి పొర కడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తనంతట తానే పరీక్ష చేసేసుకుందన్నమాట.

స్ట్రాతో మెల్లగా ఊదితే కాసేపట్లో తేట పాలలా తెల్లబడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం చొప్పున ఉంటే మనం వదిలే ఊపిరిలో 4 శాతం దాకా ఉంటుంది. 1750లలో జోసెఫ్ బ్లాక్ స్కాట్లాండ్‌లో ఈ పరీక్షతోనే ఊపిరిలోనూ, పులిసే సారాయి మడ్డిలోనూ, ఆమ్లం పోసిన సుద్దలోనూ ఉన్నది ఒకటే వాయువని నిరూపించాడు. తేటను మాత్రం స్ట్రాతో పొరపాటున లోపలికి పీల్చకూడదు. అది చూడ్డానికి మంచినీళ్ళలానే ఉన్నా నోటినీ కంటినీ కాల్చేంత క్షారం.

తెల్లబడగానే చాలామంది ఆపేస్తారు. ఆపకుండా వాయువును పంపుతూ ఉండాలి. గోళీసోడా గ్యాసైతే సులువు, ఊపిరైతే ఓపిక కావాలి. తెలుపు పలచబడి, చివరికి నీళ్ళు మళ్ళీ తేటబడతాయి. మొదట ఏర్పడిన కాల్షియం కార్బొనేట్ కరగనిది. అదే ఇంకొంత కార్బన్ డయాక్సైడ్‌తోనూ నీటితోనూ కలిసి, కరిగే బైకార్బొనేట్ అయింది. ఇప్పుడా నాళికను వేడిచేస్తే బుడగలు పోయి మళ్ళీ తెల్లబడుతుంది. ఈ మూడు అంకాల నాటకం నంద్యాల జిల్లా బెలుం గుహల్లో లక్షల ఏళ్ళుగా ఆడుతూనే ఉంది. మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకున్న వాననీరు సున్నపురాయిని కరిగించి దారులు తొలిచింది. పైకప్పు నుంచి కారే చుక్క ఆ వాయువును వదిలేసినచోట కరిగిన సున్నపురాయి మళ్ళీ గట్టిపడి ఊడల్లా వేలాడుతోంది. అరకు దారిలో బొర్రా గుహల్లో ‘శివలింగం’ అని చూపించేదీ ఆ చుక్కల పనే.

అయితే తేట తెల్లబడినంత మాత్రాన అది కార్బన్ డయాక్సైడే అనుకోవడానికి వీల్లేదు. సల్ఫర్ డయాక్సైడ్ కూడా సున్నపుతేటను అచ్చం అలాగే తెల్లబరుస్తుంది, ఎక్కువైతే అలాగే తేటబరుస్తుంది. ఇంటర్ సాల్ట్ అనాలిసిస్‌లో కార్బొనేట్‌కీ సల్ఫైట్‌కీ మధ్య బోల్తా పడేది ఇక్కడే. పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో తడిపిన కాగితం ఒకటి పక్కన ఉంటే చాలు. సల్ఫర్ డయాక్సైడ్‌కి అది నారింజ నుంచి ఆకుపచ్చకు మారుతుంది, కార్బన్ డయాక్సైడ్‌కి చలించదు. అగరవత్తి పరీక్షకీ ఇలాంటి దొంగ సాక్షి ఒకడున్నాడు. నైట్రస్ ఆక్సైడ్‌లో కూడా నిప్పు కొస మళ్ళీ అంటుకుంటుంది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదని పరీక్షనాళిక నేర్పినంత సూటిగా ఇంకేదీ నేర్పదు. (పాలరాయి మీద హైడ్రోక్లోరికామ్లమే పోయమంటారు గానీ సల్ఫ్యూరికామ్లం ఎందుకు వద్దంటారో కూడా ఇక్కడే చెప్పాలి. రాయి మీద కాల్షియం సల్ఫేట్ పొర కట్టి, నాలుగు బుడగలొచ్చి ఆగిపోతుంది.)

రంగులు మార్చే కాగితాల దగ్గరికొద్దాం. పసుపులో తడిపి ఆరబెట్టిన కాగితం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మన ఇళ్ళలో పసుపు నీళ్ళలో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్ళ రంగు అదే, పారాణి రంగూ అదే. నిమ్మకాయ పిండితే పసుపు మళ్ళీ పసుపవుతుంది. ఆమ్లాన్ని మాత్రం పసుపు గుర్తుపట్టలేదు, దానికి మందార పూల రసమో లిట్మసో కావాలి. యూరప్‌లో రాబర్ట్ బాయిల్ 1664లోనే వయొలెట్ పూల రసంతో ఈ పని చేశాడు.

వాయువుల పరీక్షలో ఎప్పుడూ ‘తడి’ లిట్మస్ అంటారు. ఈ తడి అనే ముక్క చాలామంది రికార్డుల్లో జారిపోతుంది, ఎగ్జామినర్లు కూడా పట్టించుకోరు. నా లెక్కన మార్కంతా అక్కడే ఉంది. ఉప్పు మీద గాఢ సల్ఫ్యూరికామ్లం పోస్తే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును బాగా పొడిగా చేసి పొడి నీలి లిట్మస్‌కి చూపిస్తే రంగు మారదు. కాగితాన్ని ఒక్క చుక్కతో తడిపితే చప్పున ఎర్రబడుతుంది. నీళ్ళు తగిలాకే ఆ వాయువు హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసి ఆమ్లమవుతుంది. అమ్మోనియా కూడా అంతే. తడి ఎర్ర లిట్మస్‌నే నీలంగా మారుస్తుంది. ఘాటు వాయువులు చేతి మీది చర్మం కంటే ముందు కళ్ళనూ ముక్కునూ గొంతునూ ఎందుకు పట్టుకుంటాయో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. అవన్నీ తడి ప్రదేశాలు. వాసన చూడక తప్పనప్పుడు నాళికను ముఖానికి దూరంగా పట్టుకుని, చేత్తో కొంచెం గాలిని ముక్కువైపు విసురుకోమనడం అందుకే. గాగుల్స్ పెట్టుకోమనడమూ అందుకే.

అమ్మోనియాకి నీళ్ళంటే ఎంత ఆబ అంటే, మామూలు ఉష్ణోగ్రతలో ఒక పాలు నీళ్ళు కొన్ని వందల పాళ్ళ వాయువును మింగేస్తాయి. అందువల్లే దాన్ని హైడ్రోజన్‌లా నీళ్ళ మీద పట్టడం కుదరదు. గొట్టం నీళ్ళలో ముంచారంటే నీళ్ళే గొట్టంలోంచి ఎగబాకి వేడి నాళికలోకి దూకుతాయి. నవసాగరాన్నీ సున్నాన్నీ కలిపి వేడిచేసే నాళిక మూతిని కొంచెం కిందికి వంచి ఎందుకు బిగిస్తారంటే, చర్యలో పుట్టే నీరు వెనక్కి జారి కాలుతున్న అడుగును తాకకూడదు.

గాఢ సల్ఫ్యూరికామ్లం సంగతి వేరు. దాంతో వ్యవహారమంతా వేడితోనే. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు. ఇది అందరికీ వచ్చు, పరీక్షలో తిరగేసి రాసేవాళ్ళూ ఉన్నారు. ఎందుకో తెలిస్తే తిరగేయరు. ల్యాబ్ సీసాలోని ఆమ్లం 98 శాతం గాఢత కలది, సాంద్రత 1.84. అంటే లీటరు సీసా ఎత్తితే దాదాపు రెండు కిలోల బరువు తగులుతుంది. టీ గ్లాసులో సగం, సుమారు 53 మిల్లీలీటర్లు, తీసుకుంటే 98 గ్రాములు తూగుతుంది. ఆ కాస్త ఆమ్లం బోలెడు నీళ్ళలో కలిసేటప్పుడు విడుదలయ్యే వేడి 95 కిలోజౌళ్ళ దాకా ఉంటుంది. 300 మిల్లీలీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి తెర్లే స్థితికి తేవడానికి అది చాలు.

ఇప్పుడు బీకరులో ఆ ఆమ్లం ఉండగా పైన నీళ్ళు పోశామనుకోండి. నీళ్ళు తేలిక కాబట్టి పైనే తేలుతాయి. రెండూ కలిసే సన్నటి పొరలోనే వేడంతా పుడుతుంది. అక్కడున్న కాసిని నీళ్ళు క్షణంలో ఆవిరై, ఆమ్లపు తుంపరల్ని వెంటేసుకుని ముఖం మీదికి చిమ్ముతాయి. తిరగేసి, నీళ్ళున్న బీకరులోకి గాజుకడ్డీ వెంట సన్నధారగా ఆమ్లం జార్చితే బరువుగా కిందికి దిగుతూ కలిసిపోతుంది, వేడి నీళ్ళంతటికీ పంచుకుంటుంది. అప్పుడు కూడా కలుపుతూనే ఉండాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి, బీకరు అడుగున చెయ్యి పెట్టి చూస్తే కాలుతూనే ఉంటుంది.

మరి ఒంటి మీద యాసిడ్ పడితే నీళ్ళే పోయమంటారు కదా, అది ఇదే సూత్రానికి విరుద్ధం కాదా అని ఒక తెలివైన కుర్రాడు అడుగుతాడు. చర్మం మీద పడింది పలచని పొర. దాని మీద చెంబెడు నీళ్ళు చల్లితే నిజంగానే వేడి పుడుతుంది. కొళాయి పూర్తిగా తిప్పి దాని కింద పెడితే పుట్టిన వేడిని పుట్టినట్టే నీళ్ళు కొట్టుకుపోతాయి. కాబట్టి చల్లడం కాదు, ధారగా పారించాలి. కనీసం ఇరవై నిమిషాలు, యాసిడ్ తడిసిన బట్టలు విప్పేసి మరీ. కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకుని అంతసేపూ కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆమ్లానికి విరుగుడు క్షారమని ముందే సోడా పొడి రుద్దితే తటస్థీకరణ వేడి కూడా కాలిన చర్మం మీదే పుడుతుంది. టూత్‌పేస్టు, పసుపు, వెన్న రాసే వైద్యాల జోలికి అసలు పోవద్దు.

పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు మన కాలేజీల్లో ఇంకా చావలేదు. రబ్బరు బల్బు లేక కాదు, ‘మా కాలంలో మేమలాగే చేశాం’ అనే మాట వల్ల. ద్రావణం మట్టం కంటికి అందని చోట నాలుకే కొలబద్ద కావడం షీలే కాలానికి సరిపోయింది.

ల్యాబ్‌కు తాళం వేసినంత మాత్రాన రసాయనాలు బయటికి రాకుండా ఉండవు. 2013లో సుప్రీంకోర్టు చిల్లరగా యాసిడ్ అమ్మకానికి కట్టడి పెట్టింది. కొనేవాళ్ళ వివరాలు దుకాణదారు రాసుకోవాలి, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. అయినా బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మంచినీళ్ళ ప్లాస్టిక్ బాటిల్లో, చీటీ కూడా లేకుండా, ఇంటి గూట్లో దొరుకుతుంది. అది చాలావరకు ముతక హైడ్రోక్లోరికామ్లం. అందులో కలిసిన ఇనుము వల్ల లేత పసుపు రంగులో ఉంటుంది. దాహమేసిన పిల్లవాడికి ఆ రంగు తేడా కనబడదు. అదే బాత్‌రూమ్‌లో పక్కనే బ్లీచింగ్ పౌడర్ డబ్బా కూడా ఉంటుంది. యాసిడ్ చల్లి, మరకలు పోలేదని దాని మీదే బ్లీచింగ్ చల్లితే వచ్చేది క్లోరిన్, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఇప్రె దగ్గర కందకాల్లోని సైనికుల మీదికి వదిలిన వాయువు. ల్యాబ్‌లో దాన్ని తడి నీలి లిట్మస్ ముందు ఎర్రబడి, వెంటనే తెల్లగా వెలిసిపోవడంతో గుర్తుపడతారు. బాత్‌రూమ్‌లో లిట్మస్ పని మన గొంతు చేస్తుంది. తలుపు తెరిచి బయటికి రావాలి. నీళ్ళు పోసి శుభ్రం చేయడానికి మళ్ళీ లోపలికి దూరకూడదు.

ముక్కును నమ్ముకోవడం ఎంత ప్రమాదమో హైడ్రోజన్ సల్ఫైడ్ చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. పాతతరం కాలేజీల్లో కెమిస్ట్రీ ల్యాబ్ ఎక్కడుందో ఎవరూ అడగనక్కర్లేదు, కుళ్ళిన కోడిగుడ్డు కంపే దారి చూపేది. పందొమ్మిదో శతాబ్దంలో డెల్ఫ్ట్ నగరపు మందుల వ్యాపారి కిప్ చేయించిన మూడంతస్తుల గాజు పరికరంలో ఐరన్ సల్ఫైడ్ మీద ఆమ్లం పడేది. కవాటం తిప్పితే వాయువు వచ్చేది, మూస్తే ఆ వాయువే ఆమ్లాన్ని పైకి నెట్టి చర్యను ఆపేసేది. పరీక్షకు లెడ్ ఎసిటేట్‌లో తడిపిన కాగితం. నల్లగా మెరుస్తూ మారితే అదే. గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక్క పాలు కూడా లేనప్పుడే మన ముక్కు ఈ కంపును పసిగడుతుంది. 100 పాళ్ళు దాటేసరికి కొద్ది నిమిషాల్లో వాసన పట్టే నరం మొద్దుబారిపోతుంది. కంపు పోయింది కదా అని మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. 500 దాటితే కుప్పకూలతాడు, 1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లు చాలు.

సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో మనుషులు పోయేది ఇలాగే. చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా, మనిషిని దించడం ఆగలేదు. ముందు దిగినవాడు పలకకపోతే వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగుతాడు, పేపర్లో వార్త ఇద్దరి పేర్లతోనో ముగ్గురి పేర్లతోనో వస్తుంది. పాత బావిలో పూడిక తీయడానికి దిగేముందు లాంతరు దించి చూడడం మన పల్లెల్లో పెద్దవాళ్ళు చేసే పని. అదీ వాయు పరీక్షే. ఆక్సిజన్ 16 శాతం దరిదాపులకు పడిపోతే మంట ఆరిపోతుంది, మనిషి ఆ గాలిలో ఇంకాసేపు తట్టుకోగలడు కనుక ముందే హెచ్చరిక అందుతుంది. కానీ ఆ లాంతరు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకోలేదు. మురుగులో పుట్టే మీథేన్ ఉన్నచోట అదే పేలుడుకు నిప్పవుతుంది. బావి లోపలే డీజిల్ ఇంజన్ నడిపితే నిండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, లిట్మస్ మారదు, సున్నపుతేట తెల్లబడదు, లాంతరు వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అరచేతిలో పట్టే మీటర్లు వచ్చాయి. ఒకేసారి నాలుగింటిని చూస్తాయి: ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు. ఆక్సిజన్ మామూలుగా ఉండే 20.9 శాతం నుంచి 19.5కి తగ్గితే మోగుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ సాధారణంగా పది లక్షలకు 10 పాళ్ళకే మోగేలా పెడతారు. మండే వాయువు అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో పదోవంతు ఉన్నా చాలు, కూత పెడతాయి. వాటిని తాడు కట్టి దించి పైన, నడుమ, అడుగున మూడుచోట్లా చూడాలి. ఎందుకంటే మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగున కూర్చుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలంత బరువే, ఎక్కడైనా ఉండొచ్చు. మనిషి దిగాక కూడా మీటరు అతని ఛాతీ మీదే ఉండాలి, ఎందుకంటే అంతవరకూ బురద లోపల అణిగి ఉన్న వాయువు పార వేసి కదిలించగానే పైకొస్తుంది.